‘పెనిసిలిన్ పడదు’ అన్న రాతను తిరిగి పరిశీలించే ముందు జాగ్రత్తలు

వేసవి సెలవుల్లో ఆపరేషన్లకని కావలి, ఉదయగిరి, కందుకూరు వైపు నుంచి నెల్లూరు ఆస్పత్రులకు వచ్చేవారిలో కొందరి కేస్ షీట్లపై ‘పెనిసిలిన్ పడదు’ అని ఎర్రసిరాతో రాసి ఉంటుంది. అంటే ఆ మందుతో అలర్జీ అని. ఇలాంటివారిలో 90 శాతానికి పైగా, డాక్టర్ల కనుసన్నల్లో మాత్ర ఇచ్చో మరోలాగో పరీక్షించి చూస్తే ఆ మందు పడేవారే.

గతంలో ఒళ్లంతా పొక్కులెక్కి చర్మం ఊడిపోవడం, నోట్లోనో కళ్లలోనో పుండ్లు పడటం, మందు వల్ల కాలేయం దెబ్బతినడం జరిగి ఉంటే ఒక్క మాత్ర కూడా ఇచ్చి చూడరాదు; స్టీవెన్స్-జాన్సన్ వంటి, చర్మం ఊడిపోయే ప్రతిచర్య తిరగబెడితే ప్రాణం పోవచ్చు.

ఏం జరిగింది, మందు వేసిన ఎంతసేపటికి, ఎన్నేళ్ల క్రితం అని రోగినీ ఇంటివారినీ అడగాలి. విరేచనాలు మాత్రమే అయితే అది అలర్జీ కాదు. ఊళ్లో ఆర్ఎంపీ టెస్ట్ డోసు వేసినచోట కాస్త ఎర్రబడిందన్నది నా దృష్టిలో బలహీనమైన ఆధారం. ఆయాసం, ముఖం వాపు, స్పృహ తప్పడం వంటివి, అందులోనూ గత 5 ఏళ్లలో, జరిగి ఉంటే వార్డులో నేరుగా మాత్ర ఇవ్వక అలర్జీ నిపుణులకు చూపించాలి.

మొదటిసారి పడకపోయిన తర్వాత ఎప్పుడైనా, పెనిసిలిన్ కుటుంబానికే చెందిన అమాక్సిసిలిన్‌ను ఏ ఇబ్బందీ లేకుండా వాడారేమో పాత చీటీల్లో వెతకాలి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలు వాడుతుంటే పరీక్ష వాయిదా వేయాలి, అవి దద్దుర్లను కప్పిపుచ్చుతాయి.

మాత్ర ఇచ్చాక కనీసం గంటసేపు కనిపెట్టి ఉండాలి. తీవ్రమైన అలర్జీ వస్తే పెద్దలకు తొడ కండరంలోకి ఇచ్చే 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ మంచం పక్కనే ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు.

ఫలితాన్ని డిశ్చార్జి సమ్మరీలో రాయకపోతే మరుసటి అడ్మిషన్‌లో పాత రాతే మళ్లీ ఎక్కుతుంది.