అధిక పీడనంతో భద్రపరిచే రసాల్లో బ్యాక్టీరియా పెరగకుండా చూడటం ఎలా

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో మామిడి రసమో, కొబ్బరి నీళ్ళో, చెరకు రసమో సీసాల్లో నింపి అమ్మదలచి అధిక పీడన పద్ధతిని ఎంచుకున్నవారు అన్నిటికంటే ముందు కొనవలసినది పీహెచ్ మీటరు, అంటే పులుపును కొలిచే పరికరం; పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. ఈ పద్ధతిలో మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలను నీటితో నింపిన ఉక్కు పాత్రలో ఉంచి, 400 నుంచి 600 మెగాపాస్కల్‌ల పీడనాన్ని కొద్ది నిమిషాలపాటు నిలుపుతారు. గాజు సీసాలు ఇందుకు పనికిరావు. 600 మెగాపాస్కల్‌లంటే వాతావరణ పీడనానికి దాదాపు 6,000 రెట్లు. ఆ ఒత్తిడికి బ్యాక్టీరియా కణాల పొర దెబ్బతిని, ప్రోటీన్ల ఆకృతి చెదిరి, ఈకోలై, సాల్మొనెల్లా వంటివి చాలావరకు నశిస్తాయి.

స్పోర్లు, అంటే కొన్ని బ్యాక్టీరియాలు గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలు, మాత్రం చావవు. గది ఉష్ణోగ్రతలో ఎంత పీడనం పెట్టినా తట్టుకోగల క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, పీహెచ్ 4.6 దాటిన ఆహారంలో గాలి అందని చోట మొలకెత్తి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తాయి. మామిడి రసం సాధారణంగా ఈ హద్దుకు లోపలే ఉంటుంది కాని, బాగా మగ్గిన కాయలో పులుపు తగ్గుతుంది కనుక ప్రతి విడత రసాన్నీ కొలవాలి. కొబ్బరి నీళ్ళు, చెరకు రసం సాధారణంగా 5 దగ్గరో ఆ పైనో ఉంటాయి. ఈ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు 3 డిగ్రీల చలిలోనూ పెరగగలవు కాబట్టి ఫ్రిజ్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, నిమ్మరసమో సిట్రిక్ ఆమ్లమో కలిపి పీహెచ్‌ను 4.6 కంటే స్పష్టంగా కిందికి దించడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

రసాలతోపాటు మిరప పొడి కూడా అమ్మదలచినవారు దానికి ఈ పద్ధతి వాడవద్దు. తేమ తక్కువైతే బ్యాక్టీరియా పీడనాన్ని సులువుగా తట్టుకుంటుంది. పొడులకు ఆవిరి శుద్ధే తగినది.

పీడనం పెట్టిన వెంటనే చేసిన పరీక్షలో బ్యాక్టీరియా కనిపించలేదని నిశ్చింతగా ఉండకూడదు. చావకుండా గాయపడి మిగిలిన కణాలు, ఇతర సూక్ష్మజీవులను అణచే రసాయనాలు కలిపిన పరీక్షా మాధ్యమంలో (ప్రయోగశాలలో బ్యాక్టీరియాను పెంచే పోషక పదార్థంలో) పెరగలేక లెక్కకు అందవు; పులుపు లేని ఆహారంలో అవే కణాలు కొన్ని రోజులకు కోలుకుంటాయి, పుల్లని రసంలో ఎక్కువగా క్రమంగా చనిపోతాయి. అందువల్ల నమూనాలను పోషకాలు నిండిన సాధారణ మాధ్యమంలో కూడా పెంచమని ప్రయోగశాలను కోరాలి. అమ్మకపు గడువు మొదట్లో, మధ్యలో, చివర్లో పరీక్షించాలి. లిస్టీరియా అనే హానికర బ్యాక్టీరియా చలిలోనూ పెరుగుతుంది గనుక దానికి విడిగా పరీక్ష చేయించాలి.

సీసాలను 4 డిగ్రీల లోపే నిలవ ఉంచాలి. మే నెలలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక సరుకును తెల్లవారుజామునే శీతల వాహనంలో పంపి, ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరాన్ని పెట్టెలోనే ఉంచాలి. కరెంటు పోయి చల్లదనం ఎంతసేపు తప్పిందో తెలియని సీసాలనూ, ఉబ్బిన సీసాలనూ రుచి చూడకుండా పారవేయాలి. బొట్యులినమ్ విషానికి వాసన గాని రుచి గాని ఉండవు.