కాలనీ హాల్లో దివ్యాంగులకు ఆదివారం ఆటలు: ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగిపోతాయి

కమ్యూనిటీ హాల్లో వారానికోసారి దివ్యాంగులకు ఆటలు పెడదామనుకున్నవాళ్లు ముందు బంతులు, టీషర్టుల లెక్క వేస్తారు. ముందు చూడాల్సింది బాత్రూమ్ తలుపు. బాత్రూమ్‌కు వెళ్లే వీలులేని చోట రెండు గంటలు గడపాలంటే వీల్‌చైర్‌లో ఉన్న మనిషి పొద్దున లేచినప్పటి నుంచీ నీళ్లు మానేసి రావాలి. ఒక వారం అలా వస్తారు, రెండో వారం వస్తారు, మూడో వారం ఫోన్ ఎత్తరు. ఆట నచ్చలేదేమో అని మనం అనుకుంటాం.

హాలు చూడటం

కొలత టేపు, మేస్త్రీలు వాడే 4 అడుగుల స్పిరిట్ లెవల్, ఒక వీల్‌చైర్ తీసుకుని వెళ్లండి. వీల్‌చైర్ వాడే మనిషే వెంట వస్తే మరీ మంచిది, మన కంటికి ఆనని గుమ్మం ఎత్తు వాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఆటో ఆగే చోటు నుంచి ఆడే చోటు దాకా, అక్కడి నుంచి బాత్రూమ్ దాకా చక్రాల మీద వెళ్లి రండి.

మామూలు మడత వీల్‌చైర్ వెడల్పే సుమారు 25, 26 అంగుళాలు. పక్కన చేతులు కూడా ఆడాలి కాబట్టి తలుపు తెరిచాక 3 అడుగుల ఖాళీ ఉండాలి. మన హాళ్లలో బాత్రూమ్ తలుపులు చాలాచోట్ల రెండు, రెండున్నర అడుగులే ఉంటాయి. తలుపు లోపలికి తెరుచుకుంటే ఇంకా చిక్కు. లోపల ఎవరైనా పడిపోతే వాళ్ల ఒళ్లే తలుపుకు అడ్డం పడుతుంది, బయటివాళ్లు తీయలేరు. బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయడం వడ్రంగికి ఒక పూట పని. లోపల వీల్‌చైర్ తిరగడానికి 5 అడుగుల మేర చోటు, కమోడ్ పక్క గోడకు గట్టి పట్టు రాడ్ ఉండాలి. ఉన్నది ఇండియన్ బాత్రూమే అయితే మందుల సామాన్ల దుకాణాల్లో దొరికే కమోడ్ కుర్చీని దాని మీద పెట్టవచ్చు. నాలుగు కాళ్లకూ రబ్బరు బూట్లు ఉన్నాయో లేదో చూడండి. తడి టైల్స్ మీద అవి లేని కుర్చీ జారుతుంది.

ఇక ర్యాంప్. లెక్క ఒకటే, 1:12. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. 6 అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు 18 అంగుళాలు, ర్యాంప్ 18 అడుగులు ఉండాలి. కానీ హైదరాబాద్ అపార్టుమెంట్లలో ర్యాంప్ పేరుతో కనిపించేది ఎక్కువగా బండ్లు ఎక్కించడానికి పోసిన నాలుగైదు అడుగుల సిమెంటు వాలు. స్కూటర్‌కు ఇంజిన్ ఉంది. అదే వాలు మీద వీల్‌చైర్ ముందు చక్రాలు లేస్తాయి, మనిషి వెనక్కి తిరగబడి తల నేలకు తగులుతుంది. ఉన్న ర్యాంప్ పనికొస్తుందో లేదో తేల్చడానికి స్పిరిట్ లెవల్‌ను వాలు వెంబడి పెట్టి, కింది కొసను బుడగ మధ్యకు వచ్చేదాకా పైకెత్తండి. ఆ కొస కింద ఖాళీ 4 అంగుళాలు దాటితే వాలు ఎక్కువైనట్టే.

వెడల్పు 4 అడుగులు, రెండు వైపులా పట్టు రాడ్లు, అంచున చక్రం జారకుండా చిన్న కట్ట, పైన తలుపు ముందు 5 అడుగుల చదును. ఆ చదును మరిచిపోతే వాలు మీద నిలబడి ఒక చేత్తో చక్రం, ఇంకో చేత్తో తలుపు పట్టుకోవాల్సి వస్తుంది. నున్నటి గ్రానైట్, టైల్స్ వద్దు. తాండూరు బండ వేస్తే గరుకు ముఖం పైకి రావాలని మేస్త్రీకి ముందే చెప్పండి, లేకపోతే పాలిష్ ముఖమే పైకి పెడతాడు. ఒకే మెట్టున్న చోట 6 అడుగుల ప్లైవుడ్ పలకకు కింద ఇనుప యాంగిల్ ఫ్రేమ్ వెల్డింగ్ చేయిస్తే ఎత్తి పక్కన పెట్టుకునే ర్యాంప్ తయారవుతుంది. పై కొసకు కొక్కెం తప్పనిసరి. అది లేక పలక వెనక్కి జారిన చోటే ప్రమాదాలు జరుగుతాయి.

హాలు ప్రభుత్వానిదైతే దయ చూపమని అడగనక్కర్లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 45వ సెక్షన్, పాత ప్రజా భవనాలను కూడా ఆ చట్టం నియమాలు వచ్చిన అయిదేళ్లలో అందరూ వాడేలా మార్చాలంటుంది. నియమాలు వచ్చింది 2017 జూన్‌లో, అంటే గడువు 2022లోనే తీరింది. 30వ సెక్షన్ క్రీడల గురించి. 2017 నాటి ఆ నియమాలు ఎంత బలహీనంగా ఉన్నాయో సుప్రీంకోర్టు 2024 నవంబరు తీర్పులో చెప్పింది. దీనిపై కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. అర్జీలో సెక్షన్ నంబరు, మీరు కొలిచిన అంగుళాలు, ఫొటో పెట్టండి. "సౌకర్యాలు కల్పించగలరు" అని రాస్తే అది ఫైల్లో ఉండిపోతుంది. "తలుపు 26 అంగుళాలు ఉంది, 36 కావాలి" అని రాస్తే ఇంజినీరు ఏదో ఒక జవాబు ఇవ్వాలి.

వేళ

ఆదివారం పొద్దున 7 నుంచి 9. అప్పుడు రోడ్డు ఖాళీ, మడత వీల్‌చైర్ ఎక్కించుకోవడానికి ఆటోవాళ్లకూ ఓపిక ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింపావుకే ముగించండి. వెన్నుపాము మెడ దగ్గరో ఛాతీ పైభాగంలోనో దెబ్బతిన్నవాళ్లకు ఆ కిందిభాగం సరిగా చెమట పట్టదు, ఒళ్లు చల్లబడే దారి ఉండదు. మొక్కలకు కొట్టే స్ప్రే సీసాలో నీళ్లు పోసి ముఖం, మెడ, చేతుల మీద కొడుతూ ఉండాలి. వీళ్లలో ఎవరికైనా ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం కనిపిస్తే పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి, మూత్రం గొట్టం మెలిపడిందేమో, సంచి నిండిందేమో చూసి, బిగుతు బట్టలు, బెల్టులు వదులు చేసి, తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందనడానికి అది గుర్తు.

బోచ్యాతో మొదలుపెట్టండి

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకూ, కండరాల క్షీణత ఉన్న పెద్దలకూ ఆడటానికి ఆట దొరకడం కష్టం. బోచ్యా వాళ్ల కోసమే ఉంది. తెల్ల బంతి ఒకటి, ఎర్రవి ఆరు, నీలివి ఆరు. తెల్ల బంతికి ఎవరి బంతి దగ్గరగా చేరితే వాళ్లది పైచేయి. అవతలివాళ్ల అతి దగ్గరి బంతికంటే లోపల మీవి ఎన్నుంటే అన్ని పాయింట్లు. తెల్ల బంతి వేసినవాళ్లే తొలి రంగు బంతి వేస్తారు, తర్వాత అవతలివాళ్లు, ఆపైన ఎవరి బంతి దూరంగా ఉంటే వాళ్ల వంతు.

కోర్టు 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. ఒక కొసన 2.5 మీటర్లు విసిరేవాళ్ల చోటు, మీటరు వెడల్పున ఆరు గడులు. అసలు కోర్టులో ముందు వి ఆకారపు గీత ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో గడుల ముందు 2 మీటర్ల దూరంలో ఒక అడ్డగీత వేసి, తెల్ల బంతి అది దాటాలి అంటే చాలు. గీతలకు రంగు టేపు వాడండి. సుద్ద చక్రాలకు అంటుకుని గంటలో చెరిగిపోతుంది.

టేపు వేసేముందు గోళీ ఒకటి నేల మీద వదలండి. కడిగిన నీళ్లు పోవడానికి హాళ్ల నేల ఒక పక్కకు వాలి ఉంటుంది. వాలు కోర్టుకు అడ్డంగా ఉంటే ప్రతి బంతీ ఒకే వైపు పోతుంది, పిల్లలు తమ చేతిదే తప్పనుకుంటారు. వాలు నిలువుగా వచ్చేలా కోర్టు తిప్పండి. నేల తుడిచాక పూర్తిగా ఆరాలి.

బంతి బరువు సుమారు 275 గ్రాములు, చుట్టుకొలత 270 మిల్లీమీటర్లు. అసలు సెట్టు ఖరీదైనది, మొదటి రెండు నెలలు అక్కర్లేదు. రెండు పొరల సాక్సులో ప్లాస్టిక్ గుళికలు నింపి, వంటింటి కాటా మీద 275 గ్రాములు తూచి, పైన రెగ్జిన్ కుట్టించండి. రాగులు నింపితే వానాకాలంలో పురుగు పడుతుంది. బంతి ఎగరకూడదు, మెత్తగా దొర్లి ఆగాలి.

చేత్తో విసరలేనివాళ్లకు ర్యాంప్ ఆట ఉంది, బోచ్యా పోటీల్లో దాన్ని బీసీ3 విభాగం అంటారు. 4 అంగుళాల పీవీసీ పైపును నిలువుగా రెండు చీలికలు కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, స్టాండు మీద వాలుగా పెడితే బంతి చక్కగా దొర్లుతుంది. సాయం చేసేవాళ్లు కోర్టుకు వీపు పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరిగి చూడటం, సలహా ఇవ్వడం నిషేధం. ఎంత ఎత్తు నుంచి, ఏ వైపుకి అని ఆడే మనిషే చెబుతారు, చివరగా బంతిని తాకేదీ వాళ్లే. వేలితో కానీ, తలకు కట్టిన పుల్లతో కానీ. ఇక్కడ అమ్మానాన్నలను ఆపడమే మీకు పెద్ద పని. బిడ్డ చెయ్యి కదలడానికి అరనిమిషం పడుతుంటే తల్లి చెయ్యి ముందే పైపు మీదికి వెళుతుంది. ఆ అరనిమిషమే ఆట. విసిరే ముందు ఎవరూ అరవకూడదు, చప్పట్లు వద్దు. సెరిబ్రల్ పాల్సీలో హఠాత్తు శబ్దానికి ఒళ్లంతా బిగుసుకుని బంతి ఎటో పోతుంది. బంతి ఆగాక ఎంత గట్టిగా కొట్టినా ఫర్వాలేదు.

మిగతా ఆటలు

చూపు లేనివాళ్లకు గోల్‌బాల్, చప్పుడు విని బంతిని ఆపుతూ, అవతలి గోల్‌లోకి దొర్లించే ఆట. కోర్టు 18×9 మీటర్లు, జట్టుకు ముగ్గురు, గంటలున్న 1.25 కిలోల బంతి, అందరి కళ్లకూ గంతలు. నేలమీద సన్నటి తాడు పరిచి దానిమీద టేపు అంటిస్తే గీత కాలికీ వేలికీ తగులుతుంది. ఫ్యాన్లు ఆపేయాలి, ఆ హోరులో గంట వినపడదు. క్రికెట్ అయితే గలగలలాడే ప్లాస్టిక్ బంతి, చెయ్యి కిందినుంచి బౌలింగ్. పదకొండు మందిలో కనీసం నలుగురు బీ1, అంటే పూర్తిగా చూపు లేనివాళ్లు ఉండాలి, వాళ్ల పరుగులు రెట్టింపు లెక్క.

వినపడనివాళ్లకు విజిల్ బదులు జెండా, టార్చి. వీల్‌చైర్ బ్యాడ్మింటన్ సింగిల్స్ సగం కోర్టులోనే ఆడతారు. ఆస్పత్రి వీల్‌చైర్‌తో ఆడాల్సి వస్తే వెనక్కి పడకుండా చిన్న చక్రాలు బిగించి, నడుముకు బెల్టు పెట్టాలి. అరగంటకోసారైనా చేతుల మీద ఒళ్లు ఎత్తి కూర్చోవాలి. స్పర్శ లేని చోట పుండు పడితే నెలల తరబడి మంచమే.

ఎవరి దగ్గరికి పంపాలి

పోటీల దాకా వెళ్లదలచినవాళ్లు తప్పు తలుపు తట్టి ఏళ్లు పోగొట్టుకుంటారు. చేతులు, కాళ్లు, చూపు లోపాలుంటే పారాలింపిక్ కమిటీ ఆఫ్ ఇండియా దారి. వినికిడి లోపానికి పారాలింపిక్స్‌లో చోటు లేదు. వాళ్లది డెఫ్లింపిక్స్, ఇక్కడ ఆలిండియా స్పోర్ట్స్ కౌన్సిల్ ఆఫ్ ది డెఫ్. మంచి చెవిలో కనీసం 55 డెసిబెళ్ల లోపం ఉండాలి, ఆడేటప్పుడు యంత్రం తీసేయాలి. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో స్వర్ణం గెలిచింది ఆ పోటీల్లోనే.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు 8 ఏళ్లు నిండితే స్పెషల్ ఒలింపిక్స్ భారత్, పైవయసు పరిమితి లేదు. ఐక్యూ లాంటి పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. పారాలింపిక్ పరుగులో వీళ్ల విభాగం టీ20. వరంగల్ జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో తర్ఫీదు పొందిన జీవంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. చూపులేనివాళ్ల క్రికెట్‌కు వాళ్ల జాతీయ సంఘం కాబి, పారా సైక్లింగ్‌కు నగరంలోనే ఆదిత్య మెహతా ఫౌండేషన్. చూపు తగ్గినవాళ్లకు బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో పునరావాస కేంద్రం ఉంది.

యూడీఐడీ కార్డు, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు మీద శాతం వేరు, ఆటలో విభాగం వేరు. 70 శాతం కార్డున్నా ఆ క్రీడ కొలతకు సరిపోకపోవచ్చు. అక్కడ కండరం బలం, కీలు కదలిక, చూపు మేర విడిగా కొలుస్తారు. కార్డుతో పాటు అసలు జబ్బు పేరు రాసిన రిపోర్టులు, వినికిడి పరీక్ష (ఆడియోగ్రామ్) లేదా ఐక్యూ పరీక్ష కాగితం, పుట్టిన తేదీ రుజువు ఒకే ఫైల్లో ఉంచాలి. ఆధార్‌లో, కార్డులో పేరు ఇంటిపేరుతో సహా ఒకేలా ఉందో ఇప్పుడే చూడండి. పోటీ వారం ముందు అక్షరం తేడా దొరికితే సరిదిద్దే టైము ఉండదు.

మొదటి నాలుగు వారాలు

ఆరుగురితో మొదలుపెట్టండి, ఇద్దరికి ఒక సహాయకుడు. అడగకుండా ఎవరి కుర్చీ వెనక నుంచి తోయకూడదు. హాజరు పుస్తకంలో రాని పేర్ల పక్కన కారణానికో గడి గీయండి, సోమవారం సాయంత్రమే ఫోన్ చేసి నింపండి. "తీసుకొచ్చేవాళ్లు లేరు" అన్నది రెండుసార్లు కనిపిస్తే ఒకే దారిలో ఉన్న ఇద్దరిని కలిపి, తెలిసిన ఆటో ఒకటి నెలకు మాట్లాడండి. "ఏం లేదండీ, ఊరికే" అంటే ఇంకోసారి బాత్రూమ్ చూసి రండి.