సల్ఫైడ్ ఖనిజాల ఫ్లోటేషన్‌లో పల్ప్ పొటెన్షియల్‌ను కొలిచే పద్ధతి

ఫ్లోటేషన్ అంటే ఖనిజ రేణువులను గాలి బుడగలకు అతికించి నురుగుగా తేల్చి వేరుచేయడం; ఖనిజపు పొడి, నీరు కలిసిన మిశ్రమమే పల్ప్, దాని ఆక్సీకరణ స్థితిని వోల్టుల్లో తెలిపేదే పల్ప్ పొటెన్షియల్. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరంలో గెలీనా (లెడ్ సల్ఫైడ్), పైరైట్ (ఇనుప సల్ఫైడ్) పొడులను ముందురోజే సిద్ధం చేసుకోకూడదు. తేమగాలిలో వాటి ఉపరితలం త్వరగా ఆక్సీకరణం చెంది ఫలితాన్ని మార్చివేస్తుంది. ప్రయోగానికి కాస్త ముందే తడిగా నూరాలి. ఉక్కు బంతులు వాడితే ఇనుము ఆక్సిజన్‌ను హరించి పొటెన్షియల్‌ను దించుతుంది.

మెరుగుపెట్టిన ప్లాటినం ఎలక్ట్రోడ్‌ను, సంతృప్త పొటాషియం క్లోరైడ్ గల సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను (పోలికకు స్థిరమైన పొటెన్షియల్ ఇచ్చేది) పల్ప్‌లో ముంచి, రీడింగ్ నిలకడగా వచ్చేదాకా ఆగాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ రీడింగ్‌కు 0.197 వోల్టులు కలిపితేనే ప్రామాణిక హైడ్రోజన్ స్కేలు (హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను సున్నాగా తీసుకునే కొలమానం) విలువ వస్తుంది. ఈ సవరణను పేర్కొనని నివేదిక పోలికకు పనికిరాదని నా దృఢాభిప్రాయం. పీహెచ్‌ను కూడా వెంటనే రాసుకోవాలి.

ఖనిజ ఉపరితలంపై ఒకచోట ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను స్వీకరిస్తుండగా మరోచోట శాంథేట్ (ఖనిజం బుడగలకు అతుక్కునేలా చేయడానికి కలిపే రసాయనం) వాటిని వదులుతుంది. పైరైట్‌పై దీనివల్ల డైశాంథోజన్ (రెండు శాంథేట్ అయాన్లు కలిసి ఏర్పడే, నీటికి అంటని పదార్థం) ఏర్పడుతుంది, గెలీనాపై ప్రధానంగా లెడ్ శాంథేట్ ఏర్పడుతుంది. ఇథైల్ శాంథేట్ గాఢత లీటరుకు 0.0001 మోల్ ఉన్నప్పుడు, డైశాంథోజన్ ఏర్పడాలంటే పొటెన్షియల్ హైడ్రోజన్ స్కేలుపై సుమారు 0.18 వోల్టులు దాటాలి. అందువల్ల పొటెన్షియల్ దశలవారీగా పెరిగేలా, పల్ప్‌లోకి పంపే నైట్రోజన్‌లో గాలి వాటాను క్రమంగా పెంచుతూ, ప్రతి దశలోనూ నురుగును విడిగా సేకరించి, ఆరబెట్టి, తూచాలి.

విడి ఖనిజాల ఫలితాలను మిశ్రమానికి నేరుగా అన్వయించరాదు. రెండూ తాకినప్పుడు పైరైట్ కాథోడ్‌గా (ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను స్వీకరించే చోటుగా) మారి, గెలీనా ఆక్సీకరణాన్ని వేగవంతం చేస్తుంది కనుక మిశ్రమాన్ని వేరుగా పరీక్షించాలి.