నాడీ వ్యవస్థ నేర్చుకుందాం – 4వ పాఠం: మోకాలి దెబ్బ నడిచే దారి

కిందటి పాఠంలో నాడీకణాన్ని విడదీసి చూశాం. సంకేతాన్ని అందుకునే డెండ్రైట్లు, కణదేహం, సంకేతాన్ని దూరం మోసుకెళ్లే ఆక్సాన్, దాని చుట్టూ మయలిన్ తొడుగు. ఈసారి అలాంటి కణాలు రెండు మూడు కలిపి ఒక దారి గీద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. నాడుల పేర్లు బట్టీ పడితే పరీక్ష అయ్యేదాకా గుర్తుంటాయేమో! సంకేతం వెళ్లే దారిని ఒక్కసారి చేత్తో గీస్తే మాత్రం పేర్లు వాటంతటవే అతుక్కుంటాయి.

ముందు ప్రయోగం. పాదాలు నేలకు తగలకుండా ఎత్తైన బల్ల మీద కూర్చుని కాళ్లు వదులుగా వేలాడేయండి. మోకాలి చిప్పకు సరిగ్గా కింద వేలితో నొక్కితే గట్టి పట్టీలాంటిది తగులుతుంది. అది టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ. అరచేతి అంచుతో దానిమీద చురుగ్గా, తేలిగ్గా ఒక దెబ్బ వేయమని పక్కవాళ్లకు చెప్పండి. మోకాలికి గాయమో నొప్పో ఉంటే ఈ ప్రయోగం జోలికి పోవద్దు. దెబ్బ సరైన చోట పడితే కాలు ముందుకు తన్నుకుంటుంది. మీరు తన్నలేదు, అదే తన్నింది.

ఇప్పుడు గీయండి. టెండన్ మీద దెబ్బ పడగానే దానికి అతుక్కున్న తొడ ముందు కండరం కాస్త సాగుతుంది. ఆ సాగుదలను కండరం లోపలి కండె ఆకారపు గ్రాహకాలు పసిగడతాయి. అక్కడి నుంచి వెన్నుపాముకు ఒక గీత లాగండి. అది అభివాహి నాడి, అంటే కబురు లోపలికి తెచ్చేది. చాలామంది తప్పు గీసేది ఇక్కడే: దీని కణదేహాన్ని వెన్నుపాము లోపల పెట్టేస్తారు. అది బయటే, వెనకవైపు నాడీమూలమైన పృష్ఠమూలం మీద ఉబ్బుగా కనిపించే నాడీసంధిలో (గాంగ్లియాన్‌లో) ఉంటుంది. గీత వెనకవైపు నుంచి వెన్నుపాములోకి దూరి, ముందువైపున్న, కండరాన్ని కదిలించే చాలక నాడీకణాన్ని కలుస్తుంది. ఆ కణం ఆక్సాన్ ముందువైపు మూలమైన ఉదరమూలం గుండా బయటికొచ్చి అదే కండరానికి తిరిగి చేరుతుంది. ఇది అపవాహి నాడి, అంటే కబురు బయటికి తీసుకెళ్లేది. కండరం ముడుచుకుంటుంది, కాలు లేస్తుంది. మధ్యలో సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) ఒక్కటంటే ఒక్కటే. ఇంతకన్నా చిన్న దారి మన వెన్నుపాములో దొరకదు.

గీసింది ఇంకా పూర్తి కాలేదు. లోపలికొచ్చిన ఆ గీతకే వెన్నుపాములో ఇంకో కొమ్మ వేయండి. అది ఒక చిన్న సహసంబంధ నాడీకణాన్ని, అంటే రెండు నాడీకణాల మధ్య కబురు అందించేదాన్ని తాకుతుంది. ఆ కణం తొడ వెనక కండరానికి వెళ్లే చాలక నాడీకణాన్ని అణచిపెడుతుంది. ముందు కండరం ముడుచుకునేటప్పుడు వెనకది ఎదురు లాగకుండా ఈ ఏర్పాటు. మూడో కొమ్మను పైకి, మెదడు వైపు లాగండి. కాలు లేచిన సంగతి మెదడుకు తెలిసేది ఆ పైదారుల వల్లే, అదీ కాలు కదలడం మొదలయ్యాకే.

ఈ చిన్న దారి ఎంత వేగంగా పనిచేస్తుంది? దెబ్బ తగిలాక సుమారు 20 మిల్లీసెకన్లకే కండరంలో విద్యుత్ చలనం మొదలవుతుంది. దీనికి పోలిక కావాలంటే 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. ఒకరు పైఅంచు పట్టుకుని నిటారుగా వేలాడదీయాలి, మీరు సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదిలినప్పుడు పట్టుకోండి. పట్టుకున్న చోటి సెంటీమీటర్లను 490తో భాగించి వర్గమూలం తీస్తే సెకన్లు వస్తాయి. 20 దగ్గర పట్టుకుంటే 0.2 సెకను, అంటే 200 మిల్లీసెకన్లు. కన్ను చూసి, మెదడు తేల్చి, చెయ్యి ముడుచుకోవడానికి మోకాలికన్నా పది రెట్లు సమయం!

అలాగని మోకాలి విషయంలో మెదడుకు పనే లేదనుకోవద్దు. కాలు సరిగ్గా లేవని వాళ్లు రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా పెనవేసి గట్టిగా బయటికి లాగుతుండగా మళ్లీ దెబ్బ వేయించుకోండి. చాలామందిలో ఈసారి కాలు ఇంకాస్త జోరుగా లేస్తుంది. వైద్యులు దీన్ని యెండ్రాసిక్ పద్ధతి అంటారు. మెదడు నుంచి దిగే దారులు ఈ ప్రతీకార చర్యను (మన ప్రమేయం లేకుండా జరిగే కదలికను) ఎప్పుడూ సర్దుతూనే ఉంటాయి. పక్షవాతంలో ఆ దారులు దెబ్బతింటే కొన్నాళ్లకు మోకాలు మరీ ఎక్కువగా తన్నుకోవడం ఇందుకే. మధుమేహం వల్ల కాలి నాడులు పాడైతే మాత్రం మనం గీసిన దారే దెబ్బతిని కదలిక తగ్గిపోతుంది. డాక్టరు చేతిలోని చిన్న సుత్తి వెతికేది ఈ తేడానే. మీ కాలు పెద్దగా కదల్లేదని మాత్రం కంగారు పడకండి. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి మందంగానే ఉంటుంది, రెండు కాళ్లకూ తేడా ఉందా అన్నదే వైద్యులు ముఖ్యంగా చూస్తారు.

అభ్యాసం: కాలి బొటనవేలు గుమ్మానికి కొట్టుకుంటే ముందు చురుక్కుమని, ఆ తర్వాత సలుపుతూ, రెండు విడతలుగా నొప్పి వస్తుంది. చురుకు నొప్పిని తెచ్చే నాడీ పోగుల్లో పలచటి మయలిన్ ఉంటుంది, వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. సలుపు తెచ్చేవాటికి మయలిన్ లేదు, వేగం 0.5 నుంచి 2 మీటర్లు. వేలి నుంచి వెన్నుపాముకు దూరం ఒక మీటరు అనుకుని రెంటికీ పట్టే సమయం లెక్కగట్టండి, రెండు దారులూ ఒకే బొమ్మలో గీయండి. 5వ పాఠం ఆ బొమ్మతోనే మొదలుపెడదాం.