తొలి మూలికా గ్రంథాల్లోని చెక్క అచ్చు బొమ్మలను పరిశీలించే పద్ధతి

పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఐరోపాలో అచ్చయిన మూలికా గ్రంథాల స్కాన్ ప్రతులు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వంటి ఆన్‌లైన్ గ్రంథాలయాల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒక అడవి మొక్క బొమ్మ కనబడగానే దాని పేరు కోసం వెతకకుండా, ఆ బొమ్మ ఎలా తయారైందో ముందుగా తేల్చుకోవాలి.

పెడన కలంకారీ అచ్చులను చూసినవారికి ఈ పని తీరు కొత్త కాదు. గీతను వదిలి చుట్టూ ఉన్న కొయ్యను చెక్కేస్తారు. ఉబ్బెత్తుగా మిగిలిన గీతకే సిరా అంటుతుంది. సీసపు అక్షరాలూ ఉబ్బెత్తువే కనుక, బొమ్మనూ పాఠాన్నీ ఒకే చట్రంలో బిగించి ఒకే దెబ్బకు అచ్చు వేసేవారు. 1678-1693 మధ్య ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన, మలబారు మొక్కలను వివరించే హార్టస్ మలబారికస్ గ్రంథంలోని బొమ్మలు రాగిరేకులో గీతను లోపలికి చెక్కి వేసినవి కనుక వాటిని ఈ కొలతతో చూడకూడదు. కొయ్యలో వెంట్రుకంత గీత నిలవడం కష్టం; కాబట్టి బొమ్మలో నూగు లేనంత మాత్రాన మొక్కకు నూగు లేదని తీర్మానించరాదు. వేరు తీరును, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నాయా అన్నదాన్ని నమ్మడం మేలు.

తరువాత, చిత్రకారుడు ఒక్క మొక్కను గీశాడా, మొత్తం జాతినా అని అడగాలి. 1530లో స్ట్రాస్‌బర్గ్‌లో వెలువడిన ఓటో బ్రున్‌ఫెల్స్ గ్రంథానికి హాన్స్ వైడిట్జ్ గీసిన బొమ్మల్లో వాడిన ఆకులు, పురుగు తిన్న అంచులు, విరిగిన కాడలు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. ఇవి మొక్క లక్షణాలు కావు, ఆ రోజు ఆయన ముందున్న మొక్కకు పట్టిన గతి మాత్రమే. 1542లో బాసెల్‌లో అచ్చయిన లియోన్‌హార్ట్ ఫుక్స్ గ్రంథం ఇందుకు విరుద్ధం. అందులో రకాలన్నిటినీ ఒకే బొమ్మలో చూపడానికి లామియం అనే పుదీనా కుటుంబపు మొక్కకు తెలుపు, పసుపు, ఊదా పూలు ఒకేచోట పూసినట్టు చూపారు. అలాంటి మొక్క ఏ అడవిలోనూ ఉండదు. ఆ గ్రంథం చివర గీసినవాడు, చెక్కకు ఎక్కించినవాడు, చెక్కినవాడు ముగ్గురి బొమ్మలూ వేయడం మాత్రం ముచ్చటైన మర్యాద.

నకలును పట్టుకోవడానికి రెండు గ్రంథాలను పక్కపక్కన తెరవాలి. అచ్చయిన బొమ్మను ఉన్నదున్నట్టు చెక్క మీదికి ఎక్కించి చెక్కితే, ఫలితం అద్దంలో ప్రతిబింబంలా కుడిఎడమలు మారి వస్తుంది. బ్రున్‌ఫెల్స్ బొమ్మలను ఫ్రాంక్‌ఫర్ట్ ముద్రాపకుడు ఎగెనాల్ఫ్ కాపీ చేశాడని స్ట్రాస్‌బర్గ్ ముద్రాపకుడు షాట్ 1533లో వ్యాజ్యం వేయగా, ఒక మొక్కను మరో రూపంలో ఎలా గీస్తామని ఎగెనాల్ఫ్ వాదించాడు. ఆ వాదన తెలివైనదే గాని, అదే ఆకు అదే చోట మడత పడడాన్ని అది వివరించలేదు.

చెక్కలు ఊళ్లు కూడా మారేవి. 1597లో లండన్‌లో వెలువడిన జాన్ జెరార్డ్ ఆంగ్ల మూలికా గ్రంథంలో చాలా బొమ్మలు ఫ్రాంక్‌ఫర్ట్ చెక్కలతో వేసినవి; అందుచేత ఆ బొమ్మ ఉన్నంత మాత్రాన ఆ మొక్క ఇంగ్లండులో పెరిగేదని రాయకూడదు. చేత్తో అద్దిన రంగులు ప్రతికో తీరుగా ఉంటాయి గనుక వాటినీ పక్కన పెట్టాలి.

పేరు చివరి మాట. ఫుక్స్ మిరప మొక్కను బొమ్మ వేయించి, దాన్ని కాలికట్ (నేటి కేరళలోని కోళికోడ్) మిరియమని పిలిచాడు. ఆ మొక్క పుట్టిల్లు అమెరికా. కాబట్టి మీ నోటు పుస్తకంలో గ్రంథం ఇచ్చిన పేరును, మీరు గుర్తించిన నేటి శాస్త్రీయ నామాన్ని వేర్వేరు గడుల్లో రాసి, గుర్తింపుకు ఆధారమైన లక్షణాన్ని దాని ఎదురుగానే నమోదు చేయండి.