బైక్‌కి కొత్త హ్యాండిల్ బార్ వేశాక హారన్, సెల్ఫ్ పనిచేయట్లేదా? ముందు కప్లర్‌లో పిన్నులు లాగి చూడండి

స్విచ్ వైర్లు బార్ లోపల్నుంచి పంపాలంటే కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) బార్‌కి ఉన్న హోల్‌లో పట్టదు, అందుకే వైర్ల చివరుండే పిన్నులన్నీ దాంట్లోంచి ఊడదీసి, వైర్లు లాగి, మళ్ళీ గుచ్చాలి. తంటాలన్నీ మొదలయ్యేది అక్కడే. బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఏ రంగు వైరు కప్లర్‌లో ఏ గదిలో ఉందో ఫోటో తీసుకునే మొదలుపెట్టారనుకుని చెప్తున్నా.

సెల్ఫ్ అస్సలు తిరగట్లేదు: కిల్ స్విచ్, ఫ్యూజ్ చూడండి, తర్వాత క్లచ్ లివర్ కింద ఉండే స్విచ్ వైర్లు. లివర్ మార్చేటప్పుడు అవి ఊడదీసి మళ్ళీ పెట్టడం మర్చిపోయినవాళ్ళని లెక్కలేనంతమందిని చూశా, స్టార్టర్ మోటార్ విప్పేదాకా వెళ్తారు గానీ ఇది మాత్రం చూడరు.

హారన్ ఒకసారి మోగుతుంది ఒకసారి మోగదు, ఇండికేటర్ ఒకవైపే వెలుగుతుంది, కప్లర్ చూస్తే టక్కున లాక్ అయ్యే ఉంది: నన్ను బాగా ఏడిపించింది ఇదే. చాలా కప్లర్లలో పిన్ను మీద చిన్న రేకు నాలుక ఉంటుంది, అదే లోపల ప్లాస్టిక్ మెట్టుకి తగులుకుని పిన్నుని ఆపుతుంది. పిన్ను ఊడదీసేటప్పుడు దాన్ని నొక్కేస్తాం కదా, అది అణిగిపోయి అలాగే ఉండిపోతుంది. మళ్ళీ గుచ్చితే లోపలికి వెళ్ళినట్టే ఉంటుంది, కానీ రెండు కప్లర్లు కలపగానే అవతలి పిన్ను దీన్ని వెనక్కి తోసేస్తుంది. బయటికి ఏమీ కనపడదు. ఇంకా దారుణం ఏంటంటే మల్టీమీటర్ ముల్లు వెనకనుంచి పెడితే ఆ ఒత్తిడికే పిన్ను ముందుకెళ్ళి తగులుకుంటుంది, మీటర్ అంతా బాగుందని చూపిస్తుంది, ముల్లు తీస్తే మళ్ళీ కథ మొదటికే. ఇది తెలీక నేను ఒకసారి మంచి స్విచ్ పారేసి కొత్తది కొన్నా, మెయిన్ వైరింగ్ టేప్ కూడా విప్పేశా, రెండు రోజులు పోయాయి.

చేయాల్సింది: కప్లర్ విడదీసి ఒక్కో వైరు వెనకనుంచి మెల్లగా లాగండి. కదిలి బయటికొచ్చేస్తే అదే దొంగ. సన్నటి సూదితో ఆ నాలుకని కొంచెం పైకి లేపి, టిక్ అని వినపడేదాకా తోసి, మళ్ళీ లాగి చూడండి. ఒకటి దొరికింది కదా అని ఆగొద్దు, మిగతావన్నీ లాగాలి. కొన్ని కప్లర్లలో నాలుక పిన్నుకి కాకుండా ప్లాస్టిక్‌కే ఉంటుంది, అది విరిగిపోతే కప్లరే మార్చాలి.

హ్యాండిల్ తిప్పితే లైట్ ఆరిపోతుంది: వైరు పొడవు చాలట్లేదు, లాగేస్తోంది. అతుకు వేస్తే మంచి క్రింప్ (వైర్లని నొక్కి పట్టే లోహపు గొట్టం) వేసి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగండి. సోల్డర్ వేసినచోట వైరు బిరుసెక్కి, వైబ్రేషన్‌కి సరిగ్గా సోల్డర్ ఆగిపోయిన అంచు దగ్గరే తెగుతుంది.

ఫ్యూజ్ పదేపదే పోతోంది: బార్ హోల్ అంచు వైరు తోలుని కోసేసింది. అంచు అరగదీసి రబ్బర్ గ్రోమెట్ (హోల్ అంచుకి తొడిగే రింగు) పెట్టండి, పెద్ద ఫ్యూజ్ మాత్రం వేయొద్దు, వైరింగే కాలిపోతుంది.

స్విచ్ లోపలే పాడవడం, వైరు మధ్యలో తెగడం చాలా అరుదు, పైవన్నీ అయ్యాకే చూడండి.

హ్యాండిల్ తిప్పితే ఇంజన్ స్పీడ్ పెరుగుతుంటే అది వైరింగ్ కాదు, యాక్సిలరేటర్ కేబుల్ లాగేస్తోంది. దారి మార్చి సరిచేసేదాకా బండి బయటికి తీయొద్దు.