లెక్క ఏ మెట్టు దగ్గర ఆగిందో చూపించి అడగండి

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఏటా ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు కాగితం కూడా తేకుండా వచ్చి, “మేడమ్, ఈ లెక్క రావడం లేదు” అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను చేయగలిగింది లెక్కంతా చేసి చూపించడమే. వాళ్లు ఎక్కించుకుని వెళ్తారు. మర్నాడు అలాంటిదే ఇంకొకటి ఇస్తే మళ్లీ మొదటికొస్తారు.

ఇది పిల్లల తప్పు కాదు. నేను చదువుకున్నప్పుడు సరళరేఖా గమనం ఫిజిక్స్‌లో మొదటి నెలల్లోనే వచ్చేది. దానికి కావలసిన అవకలనం (డిఫరెన్షియేషన్) గణితం 1బి పుస్తకం చివర్లో, సమాకలనం (ఇంటిగ్రేషన్) రెండో ఏడాది 2బిలో ఉండేవి. కాబట్టి సాయం అడగడానికి సిగ్గుపడకండి. అడిగే తీరు మాత్రం నేర్చుకోండి.

ముందుగా మీరు ఆగింది ఫిజిక్స్ దగ్గరా, గణితం దగ్గరా అన్నది తేల్చుకోవాలి. మొన్న మా మేనకోడలు స్ప్రింగు లెక్క తెచ్చింది. బల స్థిరాంకం (ఒక్కో మీటరు సాగదీతకు పెరిగే బలం) మీటరుకు 200 న్యూటన్లు, సాగదీసింది 10 సెంటీమీటర్లు, జరిగిన పని ఎంత? చివరి బలం 20 న్యూటన్లు, దూరం 0.1 మీటరు, గుణిస్తే 2 జౌళ్లు అని రాసింది. పుస్తకంలో జవాబు 1. “నాకు ఇంటిగ్రేషన్ రాదు కదా అత్తా” అంది. నిజానికి తను పొరబడింది అక్కడ కాదు. బలం మొదటి నుంచీ 20 న్యూటన్లే ఉందనుకుంది.

ఆ 10 సెంటీమీటర్లను రెండేసి చొప్పున ఐదు ముక్కలు చేయమన్నాను. ఒక్కో ముక్క మధ్యలో బలం ఎంతో రాసింది: 2, 6, 10, 14, 18. కూడితే 50. దాన్ని 0.02 మీటరుతో గుణించింది. సరిగ్గా 1 జౌలు! సమాకలనం అంటే ఈ ముక్కల కూడికే. బలానికీ దూరానికీ గ్రాఫు గీస్తే త్రిభుజం వస్తుంది, దాని వైశాల్యమూ 1.

అవకలనానికీ ఇలాంటి దారే ఉంది. మీటర్లలో స్థానం 5 టీ స్క్వేర్ అనుకోండి, టీ అంటే సెకన్లలో కాలం. 2వ సెకను నుంచి 2.1 వరకు సగటు వేగం సెకనుకు 20.5 మీటర్లు, 2.01 వరకే చూస్తే 20.05. వ్యవధి తగ్గించే కొద్దీ 20కి చేరువవుతుంది. అవకలన సూత్రం ఇచ్చేదీ ఆ 20నే. ఇది ఒక్కసారి చేత్తో చేసినవారికి సూత్రమంటే బెదురు ఉండదు.

చాలామంది తడబడే చోటు ఇంకొకటి ఉంది. గణితం క్లాసులో ఎక్స్ మారితే దాన్నిబట్టి వై మారుతుంది. ఫిజిక్స్‌లో ఎక్స్ అంటే స్థానం, కాలం మారితే అది మారుతుంది. గణితం సార్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఏది దేన్నిబట్టి మారుతోందో ఒక వాక్యంలో రాసుకుని వెళ్లండి, ఆయన వెంటనే అందుకుంటారు.

ఎవరి దగ్గరకు వెళ్లినా చిత్తు కాగితం వెంట ఉండాలి, కొట్టివేతలతో సహా. ఆగిన వరుస కింద గీత గీసి, “ఇక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చింది?” అని అడగండి. ఆ ఒక్క మెట్టు చెప్పించుకున్నాక మిగతాది మీరే చేయండి. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ఫిజిక్స్ పాత ముద్రణ దొరికితే, సరళరేఖా గమనం అధ్యాయం చివరి అనుబంధంలో ఈ పనికి సరిపడా కలన గణితం ఉంది.

సాయం అందిన రాత్రే ఒక అంకె మార్చి, చూడకుండా మళ్లీ చేయాలి. మా మేనకోడలు 20 సెంటీమీటర్లు పెట్టి చేసింది. 2 జౌళ్లు వస్తుందనుకుంటే 4 వచ్చిందట. “నాలుగింతలు ఎందుకైంది అత్తా?” అని ఫోను చేసింది. త్రిభుజం మళ్లీ గీయమన్నాను. కాసేపు పెన్సిలు చప్పుడు. “భూమీ రెండింతలైంది, ఎత్తూ రెండింతలైంది” అంది.